శేషాచలం కొండల్లో నడక: మీ ఉత్తరాలకి జవాబులు

పోయిన నెల తిరుమల చుట్టూ ఉన్న శేషాచలం అడవుల గురించి రాశాక ఉత్తరాలు, మెసేజీలు బాగా వచ్చాయి. సగానికి పైగా చిరుత గురించే. మిగతావి ట్రెక్కింగ్, పర్మిషన్లు, పిల్లల టూర్ల గురించి. ఒకే రకం ప్రశ్నలని ఒకచోట కలిపి జవాబులు రాస్తున్నాను.

మా బాబుకి ఏడేళ్లు. కాలినడకన కొండెక్కిస్తామని మొక్కుకున్నాం. చిరుత వార్తలు చూశాక మా అత్తగారు వద్దే వద్దంటున్నారు. మొక్కు వదులుకోలేం, భయమూ పోవట్లేదు. ఏం చేయమంటారు? (ఒక తల్లి, ఒంగోలు)

అమ్మా, మీ అత్తగారి భయంలో అర్థముంది. 2023 జూన్‌లో అలిపిరి దారిలో ఒక చిన్న బాబుని చిరుత పట్టుకెళ్లి వదిలేసింది, ఆ బిడ్డ బతికాడు. ఆగస్టులో మాత్రం ఆరేళ్ల పాప చనిపోయింది. రెండూ చీకటి పడ్డాకే జరిగాయి. ఆ పాప పెద్దవాళ్లకన్నా కాస్త ముందు నడుస్తోందని అప్పట్లో వార్తల్లో వచ్చింది. ఈ రెండు విషయాలూ గుర్తుపెట్టుకుంటే మీ మొక్కు తీర్చుకోవచ్చు.

చిరుత దారి పక్క పొదల్లో నక్కి చూసే జంతువు. నిలబడి నడిచే పెద్దమనిషి జోలికి అది మామూలుగా రాదు. ఎత్తు తక్కువగా, ఒంటరిగా కనిపించేదాని మీదే దాని కన్ను పడుతుంది. చీకట్లో అయితే దానికి మనకన్నా ఎంతో బాగా కనిపిస్తుంది. అందుకని తెల్లవారాక బయల్దేరండి, ఎండ ముదిరేలోపు పైన ఉండండి. చిన్నపిల్లలతో అయితే నేను శ్రీవారి మెట్టు దారే చెప్తాను. అలిపిరి దారి దాదాపు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీనివాస మంగాపురం వైపు నుంచి ఎక్కే శ్రీవారి మెట్టు 2 కిలోమీటర్ల పైచిలుకు, 2,388 మెట్లే. మెట్లు నిటారుగా ఉంటాయి, ఆయాసం వస్తుంది, కానీ అడవిలో గడిపే సమయం బాగా తగ్గిపోతుంది. 2023 తర్వాత మధ్యాహ్నం దాటితే చిన్నపిల్లలని నడకదారిలోకి పంపకుండా, రాత్రిపూట దారి మూసేస్తూ ఆంక్షలు పెట్టారు. ఆ వేళలూ వయసులూ మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు కనుక్కోండి. ఎవరినో బతిమాలి లోపలికి వెళ్లే పని మాత్రం పెట్టుకోకండి.

బాబు చెయ్యి వదలకండి. ఇద్దరు పెద్దవాళ్ల మధ్య నడిపించండి. అలసిపోయి వెనకబడితే అందరూ ఆగండి, "నువ్వు మెల్లగా రా నాన్నా" అని ముందుకు వెళ్లిపోవద్దు. ఇంకోటి, ఎవరూ రాయరు గానీ చాలా ముఖ్యం: ఒంటేలుకి వెళ్తానంటే పొదల చాటుకి ఒంటరిగా పంపకండి, మరుగుదొడ్లు ఉన్నచోటే పని కానివ్వండి. ఒకవేళ చిరుత కనిపించిందే అనుకోండి, పరిగెత్తొద్దు, దానికి వీపు చూపించొద్దు. బాబుని ఎత్తుకుని, అందరూ దగ్గరికి చేరి, చేతులో కండువాలో పైకెత్తి గట్టిగా అరుస్తూ మెల్లగా వెనక్కి జరగండి. దానికి తప్పుకునే దారి వదిలేయండి.

చిరుత అసలు మెట్ల దాకా ఎందుకొస్తోందన్నది చాలామంది అడిగారు. దాని గురించి కింద ఇంకో ఉత్తరానికి జవాబులో రాశాను.

శేషాచలంలో తిరగడానికి ఏ నెలలు మంచివి? (పాఠకుడు, కర్నూలు)

డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి సగం వరకు. ఇక్కడ వాన ఎక్కువగా అక్టోబరు, నవంబరు నెలల్లో, ఈశాన్య రుతుపవనాలతో పడుతుంది. అప్పుడు కోనలు అందంగానే ఉంటాయి కానీ నమ్మడానికి లేదు. 2021 నవంబరు వానలకి శ్రీవారి మెట్టు దారే దెబ్బతిని నెలల తరబడి మూసేశారు. మార్చి వచ్చిందంటే గడ్డి ఎండిపోతుంది, మంటల భయం మొదలవుతుంది. 2014 మార్చిలో తిరుమల అడవులు తగలబడితే వాయుసేన హెలికాప్టర్లు నీళ్లు తెచ్చి పోయాల్సి వచ్చింది.

బెంగళూరులో పనిచేస్తున్న ఆరుగురు స్నేహితులం. వీకెండ్‌లో నాగలాపురం కోనల్లో నైట్ క్యాంప్ వేద్దామని ప్లాన్. ఆన్‌లైన్‌లో రూట్ మ్యాప్ దొరికింది. పర్మిషన్ తప్పనిసరా? ఎవరూ అడగరని కొందరంటున్నారు. (పాఠకుడు, బెంగళూరు)

తప్పనిసరి. ఎవరూ అడగరన్నవాళ్లు అడవిలో ఏం జరుగుతుందో తెలియక అంటున్నారు.

మీరు వెళ్దామనుకుంటున్న కొండలు ఎర్రచందనం పెరిగే నేల. ప్రపంచం మొత్తమ్మీద ఈ చెట్టు సహజంగా పెరిగేది ఈ దక్షిణ తూర్పు కనుమల్లోనే: కడప, అన్నమయ్య, తిరుపతి జిల్లాలు, వాటిని ఆనుకుని ఉన్న కొన్ని చోట్లు. 1995 నుంచి దీని అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్ (అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపుచేయడానికి దేశాలు చేసుకున్న ఒప్పందం) కింద నియంత్రణ ఉంది. అయినా దొంగరవాణా ఆగలేదు, దాన్ని ఆపడానికి ప్రత్యేకంగా టాస్క్‌ఫోర్సే ఉంది. 2015 ఏప్రిల్ 7న ఇదే శేషాచలంలో ఆ టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయారు. అలాంటి అడవిలో అర్ధరాత్రి ఆరుగురు కుర్రాళ్లు టార్చిలైట్లు వేసుకుని, మంట రాజేసుకుని కూర్చుంటే చూసేవాళ్లకి ఏమనిపిస్తుందో మీరే ఆలోచించండి. అభయారణ్యంలోకో నేషనల్ పార్కులోకో అనుమతి లేకుండా అడుగుపెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, రిజర్వ్ ఫారెస్ట్‌కి రాష్ట్ర అటవీ చట్టం ఉంది. ముందుగా అక్కడి ఫారెస్టు రేంజ్ ఆఫీసులో కలవండి. వాళ్లు కాదంటే అంతటితో ఆ ప్లాన్ మానేయండి.

నాగలాపురం గుండాల గురించి ఇంకో మాట. నీళ్లు పచ్చగా, అద్దంలా కనిపిస్తాయి, అడుగు దగ్గర్లోనే ఉన్నట్టుంటుంది. ఉండదు. రాతి అంచు మీద నాచు పట్టి ఉంటుంది, ఒక్క అడుగు జారితే మనిషి మునిగే లోతులోకి వెళ్లిపోతారు, పైకి రావడానికి పట్టుకునేందుకు ఏమీ ఉండదు. ఈత వచ్చినవాళ్లు కూడా అక్కడ పోయారు. పైగా కొండమీద ఎక్కడో కురిసిన వాన, మీ నెత్తిన ఎండ కాస్తుండగానే కోనలోకి దిగి వచ్చేస్తుంది. గలగలమని పారే నీళ్లలో ఉన్నట్టుండి బురద రంగు, ఆకులు, పుల్లలు కనిపిస్తే సామాన్లు వదిలేసి గట్టెక్కేయాలి.

మీలాంటివాళ్లకి అచ్చమైన నడక కావాలంటే తిరుమల తీర్థాల ముక్కోటి రోజులున్నాయి. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం. ఆ సమయంలో భక్తులని అడవి దారిన పంపిస్తారు, దారిపొడవునా మనుషులుంటారు, మంచినీళ్లు ఇస్తారు. తుంబురు తీర్థం దగ్గర రెండు రాతిగోడల నడుమ సన్నటి సందులోంచి నీళ్లలో నడుచుకుంటూ వెళ్లాలి, తల ఎత్తితే ఆకాశం ఒక చీలికంత కనిపిస్తుంది. ఒకసారి చూశాక ఇంకో క్యాంప్ గురించి ఆలోచించరు. లేదంటే తలకోన వెళ్లండి. 270 అడుగుల జలపాతం, రాష్ట్రంలో అంతకన్నా ఎత్తైనది లేదు. బస చేసే వీలు ఉంది, పెద్ద పెద్ద చెట్లని చుట్టుకుపోయిన గిల్లతీగ ఉంది, పొద్దున్నే వెళ్తే బెట్టుడుత అనే పెద్ద ఉడుత కొమ్మ మీంచి కొమ్మకి దూకుతూ కనిపిస్తుంది.

కొండకి నడిచి వెళ్లేటప్పుడు జింకలకి, కోతులకి ఏదో ఒకటి పెట్టడం మా నాన్నగారి కాలం నుంచి అలవాటు. ఇప్పుడు పెట్టొద్దని బోర్డులు పెట్టారు. మూగజీవాలకి తిండి పెట్టడం పాపమా? (పాఠకుడు, 71 ఏళ్లు, నెల్లూరు)

అయ్యా, మీ మనసులోని దయని నేను తప్పుపట్టను. కానీ మీ నాన్నగారి కాలంలో కొండెక్కినవాళ్లు మూటలో అటుకులు, బెల్లం తీసుకెళ్లేవారు. ఇప్పుడు దారిలో దొరికేది చిప్స్ ప్యాకెట్టు, బిస్కెట్టు, కప్పు నూడుల్స్. వెళ్లేవాళ్ల సంఖ్య కూడా ఆ కాలంతో పోలిస్తే ఎన్నో రెట్లు.

ఒకరోజు పొద్దున్నే మోకాళ్ల పర్వతానికి కాస్త ముందు ఒక చుక్కల జింక చెత్తబుట్టలో మూతి పెట్టి ఉండటం చూశాను. పులిహోర అంటుకున్న కవరు బయటికి లాగింది. మెతుకులు నాకేసి వదిలేస్తుందనుకుంటే, కవరు మొత్తం నోట్లోకి తీసుకుని నమలడం మొదలుపెట్టింది. నేను చప్పట్లు కొట్టినా కదల్లేదు, మనిషంటే దానికి భయం పోయింది. అలా మింగిన కవరు నెమరువేసే జంతువు పొట్టలో జీర్ణమవదు, బయటికీ రాదు, అక్కడే ఉండలు కడుతుంది. పొట్ట నిండుగా అనిపిస్తుంది, మేత తగ్గిపోతుంది. కడుపునిండా ప్లాస్టిక్‌తో ఆ ప్రాణి ఆకలితో చనిపోతుంది.

ఇక చిరుత సంగతి. మనం పారేసిన తిండికి కుక్కలు చేరతాయి, అడవి పందులు వస్తాయి, జింకలు మెట్ల పక్కనే మకాం పెడతాయి. ఇవన్నీ చిరుతకి ఆహారం. అడవిలోపల రాళ్లలో రప్పల్లో ఓపిగ్గా వెతుక్కోవాల్సిన వేట మెట్ల పక్కనే దొరుకుతుంటే అది కూడా ఇక్కడికే వస్తుంది. 2023లో బోన్లు పెట్టి కొన్ని చిరుతలని పట్టుకున్నారు. అది అప్పటికి అవసరమే, కాదనను. కానీ ఒక చిరుతని తీసుకెళ్తే ఆ ఖాళీలోకి ఇంకో చిరుత వస్తుంది, కిందపడ్డ తిండి అలాగే ఉన్నంతకాలం దారి పక్కన చిరుత ఉంటూనే ఉంటుంది. మీరు పెట్టే అరటిపండుకీ ఆ పాప చావుకీ సంబంధం ఉందని చెప్పడం నాకూ కష్టంగానే ఉంది. అయినా చెప్పాలి.

మీకు పెట్టాలనే ఉంటే తిరుమలలో అన్నప్రసాదం ట్రస్టుకి ఇవ్వండి, గోశాలకి ఇవ్వండి. దారిలో మాత్రం మీ సంచిలోంచి ఒక్క తొక్క కూడా కింద పడకుండా చూడండి. కోతుల ముందు కవరు విప్పొద్దు.

శివరాత్రికి అడవి దారిన కోనల్లోని శివాలయాలకి నడిచి వెళ్లడం మా వైపు ఆనవాయితీ. గుండాలకోన దగ్గర అలా జరిగాక ఇంట్లో వెళ్లనివ్వట్లేదు. (పాఠకుడు, రైల్వే కోడూరు)

తెలియనివాళ్ల కోసం చెప్తాను: 2025 శివరాత్రి ముందు, అప్పటి అన్నమయ్య జిల్లా గుండాలకోనకి అడవిలోంచి నడిచి వెళ్తున్న భక్తుల మీద ఏనుగులు పడ్డాయి. ముగ్గురు చనిపోయారు.

మీ పెద్దల కాలంలో ఈ కొండల్లో ఏనుగుల మాట పెద్దగా వినిపించేది కాదు, కాబట్టి "మేం తరతరాలుగా వెళ్తున్నాం" అన్న ధైర్యం ఇప్పుడు సరిపోదు. 1980లలో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి ఏనుగులు చిత్తూరు జిల్లాలోకి వచ్చాయి, 1990లో వాటికోసం కౌండిన్య అభయారణ్యం ఏర్పాటు చేశారు. అక్కడి నుంచి కొన్ని శేషాచలం దాకా వచ్చి స్థిరపడ్డాయి. నీళ్లున్న కోనలే వాటికీ కావాలి, అందులోనూ ఎండలు మొదలయ్యే శివరాత్రి రోజుల్లో.

వెళ్లొద్దని నేను అనను, రాత్రిపూట వెళ్లొద్దంటాను. పగలు బయల్దేరి పగలే చేరండి. ముందురోజు ఫారెస్టు సిబ్బందికి ఫోన్ చేసి గుంపు ఎటువైపు ఉందో అడగండి, వాళ్లకి సాధారణంగా తెలుస్తుంది. దారిలో ఆవిర్లు కక్కుతున్న పేడ కనిపించినా, అప్పుడే విరిచిన కొమ్మల పసరు వాసన వచ్చినా అక్కడి నుంచే వెనక్కి తిరగండి. డప్పులతో, టపాకాయలతో తరిమేద్దామని చూడొద్దు. పిల్ల ఏనుగు ఉన్న గుంపు అయితే ఎదురు తిరుగుతుంది. ఇంకొకటి, ఇది ఊరంతా కలిసి చేయాల్సిన పని: పంచాయతీ తరఫున ఫారెస్టువాళ్లని అడిగి, ఆ ఒక్కరోజు దారిలో సిబ్బందిని పెట్టించుకోండి. విడివిడిగా నలుగురు నలుగురుగా వెళ్లడంకన్నా అది వెయ్యిరెట్లు నయం.

శేషాచలంలో కలివికోడి కనిపిస్తుందా? (పాఠకురాలు, విజయవాడ)

కనిపించదు. దాని పేరు చెప్తే గుర్తొచ్చేది కడప జిల్లా లంకమల. 1900 నుంచి ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్న పిట్ట 1986 జనవరిలో అక్కడ మళ్లీ దొరికింది. పొదల మధ్య ఖాళీ నేలల్లో, అదీ రాత్రిపూట తిరిగే పిట్ట. దానికోసం వెతుకుతూ టార్చిలేసుకుని వెళ్లడంకన్నా ఆ పొదలని అలా వదిలేయడమే దానికి మేలు. శేషాచలంలో పిట్టలు చూడాలంటే గొంతు పసుపు పచ్చగా ఉండే ఒక రకం పిగిలిపిట్ట ఉంది, దక్షిణాది రాతికొండల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు. అది కనిపించినా అదృష్టమే.

మా స్కూలు పిల్లలని తిరుమల తీసుకెళ్తున్నాం. దర్శనంతో పాటు ప్రకృతి గురించి ఏమైనా చూపించాలని ఉంది. అడవిలోకి వెళ్లకుండా ఏం చూపించొచ్చు? (టీచర్, మదనపల్లె)

ఈ ఉత్తరం చూసి చాలా సంతోషమేసింది మేడం. అడవిలోకి అడుగుపెట్టకుండానే రోజంతా సరిపడా ఉంది.

ఘాట్ రోడ్డుతో మొదలుపెట్టండి. బస్సులోంచే కొండకోత చూపించండి: కింద గ్రానైటు జాతి రాయి, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి. ఆ రెండూ కలిసే గీత దగ్గర దాదాపు 80 కోట్ల సంవత్సరాల చరిత్ర లేదు. కింది రాయి ఏర్పడ్డాక అంతకాలం అరిగిపోతూ ఉండి, ఆ తర్వాతే పైపొరలు పడ్డాయన్నమాట. జియలాజికల్ సర్వే దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. తర్వాత శిలాతోరణం. గాలి, నీరు బలహీనమైన భాగాన్ని తొలిచేస్తే గట్టి భాగం ఇలా తోరణంగా మిగిలింది. ఎవరు కట్టారని పిల్లలు తప్పకుండా అడుగుతారు, వెంటనే చెప్పేయకుండా వాళ్లనే ఊహించనివ్వండి.

ఎర్రచందనం చెట్టు చూపిస్తే పిల్లలు "ఎర్రగా లేదేంటి" అంటారు. ఎరుపు లోపలి చేవలో ఉంటుంది. బయట బెరడు నల్లగా, మొసలి వీపులా గళ్లు గళ్లుగా పగిలి ఉంటుంది. ఆకు తుంచకుండా చూడమనండి, ఒక్కో రెమ్మకి మూడేసి ఆకులు. కాయ గుండ్రంగా, చుట్టూ పలచటి రెక్కతో ఉంటుంది, గాలికి ఎగిరి దూరంగా పడటానికి.

నీళ్లు కారే రాతి పగుళ్లు దారి పక్కన తగిలితే బంగారు బల్లి గుడ్లు కనిపించవచ్చు. రాతికి అతికించినట్టు తెల్లటి గుడ్లు, పదులకొద్దీ ఒకేచోట. చాలా తల్లులు వచ్చి ఒకే పగులులో పెడతాయి. కొన్నింటికి మధ్యలో చిల్లు, అంటే పిల్ల వెళ్లిపోయింది. కొన్ని నిండుగా ఉంటాయి, వాటిని ముట్టుకోనివ్వకండి, గీకితే పగిలిపోతాయి. బల్లి పగలు లోపలే ఉంటుంది, సాయంత్రం చీకటి పడుతుంటే దాని అరుపు కొండకి తగిలి మారుమోగుతుంది, ఇంతలేసి గొంతు ఆ చిన్న ప్రాణిదంటే పిల్లలు నమ్మరు.

మేం ఇక్కడ నేషనల్ పార్కుల్లో పిల్లలతో హాయిగా ట్రెక్ చేస్తాం. మ్యాపులు, గుర్తులు అన్నీ ఉంటాయి. మన దగ్గర మాత్రం ఎటు చూసినా గేట్లు, తాళాలు. ఎందుకిలా? (పాఠకుడు, డల్లాస్)

మీ బాధలో సగంతో ఏకీభవిస్తాను. 2010లో శేషాచలాన్ని బయోస్ఫియర్ రిజర్వ్‌గా ప్రకటించారు, 4,700 చదరపు కిలోమీటర్లకి పైనే ఉంది. అందులో మామూలు మనిషి చట్టబద్ధంగా నడవగలిగే పగటి దారులు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఇంకొన్ని తెరవాలి, తరాలుగా ఈ కొండల్లో బతుకుతున్న యానాదులకి గైడ్లుగా పని ఇవ్వాలి. ఏ చెట్టు ఎందుకు పనికొస్తుందో, ఏ గుండంలో నీళ్లు ఎప్పటిదాకా ఉంటాయో వాళ్లకి తెలిసినంత ఎవరికీ తెలియదు. తాళం వేస్తే దొంగ ఆగట్లేదు, అడవిని ప్రేమించేవాడే బయట ఉండిపోతున్నాడు.

మిగతా సగం మన అలవాట్ల సంగతి: మీ యోసెమిటీ నేషనల్ పార్కులో రాత్రి అడవిలో పడుకోవాలంటే తిండి మొత్తం ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బాలో పెట్టుకోవాలని రూలుంది కదా. మీరందరూ దాన్ని పాటిస్తారు కూడా. ఇక్కడికి సెలవులకి వచ్చినప్పుడు అలిపిరి దారిలో మీ పిల్లలతో అదే చేయించండి, మీవాళ్లందరూ చూస్తారు.

అడవికి వెళ్లొచ్చిన పది రోజులకి మా అన్నయ్యకి తీవ్రమైన జ్వరం వచ్చింది. డెంగీ కాదన్నారు, టైఫాయిడ్ కాదన్నారు. చివరికి స్క్రబ్ టైఫస్ అన్నారు. ఇది అడవి వల్లేనా? (పాఠకురాలు, రాయచోటి)

అయ్యుండొచ్చు. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి కనిపించనంత చిన్న పురుగు కుట్టడం వల్ల వస్తుంది. పొలాల్లో, ఇంటి చుట్టూ పిచ్చిమొక్కల్లో కూడా ఉంటుంది కాబట్టి అడవి వల్లేనని గట్టిగా చెప్పలేం. కుట్టినచోట నొప్పిలేని నల్లటి పెచ్చు కడుతుంది. చంకలో, గజ్జల్లో, నడుము పట్టీ దగ్గర ఉంటుంది కాబట్టి చాలామంది చూసుకోరు. త్వరగా గుర్తిస్తే డాక్సీసైక్లిన్ లాంటి మామూలు మందుతోనే తగ్గిపోతుంది, ఆలస్యం చేస్తే ఊపిరితిత్తులు, కిడ్నీల దాకా వెళ్తుంది.

పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, ప్యాంటు అంచుల్ని సాక్సులోకి దోపుకోండి, గడ్డి మీద నేరుగా పడుకోవద్దు. ఇంటికి రాగానే బట్టలు వేడినీళ్లలో వేసి స్నానం చేయండి. రెండు, మూడు వారాల్లోపు జ్వరం వస్తే డాక్టరు అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి, ఫలానా రోజు ఫలానా అడవిలో తిరిగానని.